సెలవు పెట్టి వచ్చినా అలసట తీరడం లేదు. నాకేమైంది?

లాగ్‌ఫైల్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. 11 ఏళ్ళుగా బ్యాకెండ్ డెవలపర్‌గా (తెర వెనక సర్వర్లలో నడిచే కోడ్ రాసేవాడిగా) పనిచేస్తున్నాను. మూడు రోజులుగా ఇది రాస్తున్నాను, చెరిపేస్తున్నాను. ఇవాళ ఎలాగైనా పెట్టేయాలని కూర్చున్నాను. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

పోయిన మంగళవారం మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఒక పుల్ రిక్వెస్ట్ (తను రాసిన కోడ్ చూసి చేర్చమనే అభ్యర్థన) పంపింది. మొత్తం 40 లైన్లు. డేటాబేస్ కనెక్షన్ తెగితే మళ్ళీ ప్రయత్నించే చిన్న ఫంక్షన్. మామూలుగా పది నిమిషాల పని. తెరిచాను. ఐదో లైనుకు వచ్చేసరికి మొదటి లైనులో ఏముందో గుర్తులేదు. మళ్ళీ పైకి వెళ్ళాను. అలా నాలుగుసార్లు. కళ్ళు అక్షరాల మీద నడుస్తున్నాయి గానీ తలలోకి ఏమీ దిగడం లేదు. గంట గడిచాక "బాగుంది" అని రాసి అప్రూవ్ కొట్టేశాను.

మర్నాడు సాయంత్రం అదే ఫంక్షన్ డేటాబేస్‌ను పడగొట్టింది. ఎన్నిసార్లు ప్రయత్నించాలో హద్దు లేదు, ప్రయత్నానికీ ప్రయత్నానికీ మధ్య విరామం లేదు. కనెక్షన్ తెగగానే అన్ని సర్వర్లూ ఒకేసారి మీద పడ్డాయి. రెండేళ్ళ క్రితం నేనైతే ఇది చూడగానే పట్టుకునేవాణ్ణి. తర్వాత మీటింగ్‌లో ఆ అమ్మాయి "నా పొరపాటే" అంటుంటే నేను మ్యూట్‌లో ఉండిపోయాను. రివ్యూ చేసింది నేనని, చూడకుండా వదిలేశానని తనకు విడిగా మెసేజ్ పెట్టాను. అందరి ముందూ చెప్పాల్సిన మాట అది. ఆ సంగతి నన్ను ఇప్పటికీ తొలుస్తోంది.

ఆ రాత్రి నిద్ర పట్టక గిట్ లాగ్ (కోడ్‌లో చేసిన మార్పుల చిట్టా) తెరిచి నా కమిట్లన్నీ, అంటే నేను చేర్చిన మార్పులన్నీ, వరసగా చూశాను. 2021లో నా కమిట్ మెసేజ్‌లు ఉత్తరాల్లా ఉన్నాయి. ఎందుకు మారుస్తున్నాను, రెండో దారి ఎందుకు వద్దనుకున్నాను, రేపు ఎవరైనా ఇక్కడ చెయ్యి పెడితే ఏం చూసుకోవాలి, అన్నీ రాశాను. ఈ ఏడాదివి చూస్తే: "ఫిక్స్". "ఫిక్స్ 2". "రివ్యూ కామెంట్లు". "ఇప్పుడు పనిచేయాలి". స్క్రోల్ చేస్తూ పోతే ఏ నెలలో మారిపోయానో కూడా కనబడింది. ఆన్‌కాల్ అంటే, సిస్టమ్ పడిపోతే ఏ వేళైనా ఫోన్ ఎత్తాల్సిన వారం డ్యూటీ. ఆ రోటేషన్‌లో ఆరుగురం ఉండేవాళ్ళం. ముగ్గుర్ని వేరే ప్రాజెక్టుకు మార్చారు. సరిగ్గా అప్పటినుంచే మాటలు తగ్గిపోయాయి.

నాకు అర్థం కానిదేమిటంటే, పని గంటలు లెక్కేస్తే ఎక్కువేం కావు. ఎనిమిది, మహా అయితే తొమ్మిది. కెరీర్ మొదట్లో రోజుకు 12 గంటలు చేసి కూడా హుషారుగా ఉండేవాణ్ణి. ఇప్పుడు మూడు వారాలకోసారి ఆన్‌కాల్ వస్తుంది. ఆ వారం స్నానానికి వెళ్తే ఫోన్ తలుపు బయట స్టూలు మీద పెట్టుకుంటాను. నీళ్ళ చప్పుడులో అది మోగినట్టు వినిపిస్తుంది. రెండుసార్లు సబ్బు నురగతోనే బయటికొచ్చి చూశాను, ఏమీ లేదు. ఆన్‌కాల్ లేని వారాల్లోనూ ఇలాగే వినిపిస్తోందిప్పుడు.

మా పాపకు ఆరేళ్ళు. మొన్న ఏదో కథ చెబుతూ మధ్యలో ఆపి, "నాన్నా, వింటున్నావా, ఉత్తినే ఊ కొడుతున్నావా?" అని అడిగింది. నేను ఊ కొడుతున్నాను. అంతకుముందు చెప్పిందేదీ నాకు తెలియదు.

పది రోజులు సెలవు పెట్టాను. నాలుగు రోజులు నిద్రే. తర్వాత మూడు రోజులు బాగున్నాను, పాపతో ఆడుకున్నాను. ఎనిమిదో రోజు రాత్రి నుంచి కడుపులో బరువు మొదలైంది. మళ్ళీ ఆఫీసుకు వెళ్ళిన మొదటి రోజు మధ్యాహ్నానికల్లా సెలవు పెట్టినట్టే లేదు.

ఇది బర్నౌటా (పని ఒత్తిడికి సత్తువంతా అయిపోవడం), లేక ఈ పనికి నేను పనికిరాకుండా పోయానా? మేనేజర్‌కు ఏమని చెప్పాలి? ఉద్యోగం మానేయడం ఒక్కటే దారా?

సెమీకోలన్ జవాబు:

లాగ్‌ఫైల్ గారూ, నేను 14 ఏళ్ళుగా ఎస్‌ఆర్‌ఈ (సిస్టమ్‌లు పడిపోకుండా చూసుకునే) పనిలో ఉన్నాను. మీ స్టూలు సంగతి చదివి కాసేపు ఆగిపోయాను. నేను ఫోన్‌ను జిప్ కవర్లో పెట్టి బాత్రూమ్‌లోకే తీసుకెళ్ళేదాన్ని.

గంటల లెక్క పక్కన పెట్టండి. మనిషిని తినేసేది కాపలా. ఫోన్ మోగకపోయినా సరే, మోగవచ్చని ఒక చెవి అటు వేసి పడుకున్న రాత్రి నిద్ర నిద్ర కాదు. ఆరుగురు ముగ్గురైతే పని రెట్టింపు అయిందనుకుంటాం గానీ, అసలు నష్టం మధ్యలో కోలుకునే వారాల్లో ఉంది. ఐదు వారాల విరామం మీకు రెండు వారాలైంది. అందులో మొదటి వారం ఆన్‌కాల్‌లో మిగిలిపోయిన టికెట్లకే సరిపోతుంది.

నేను చేసిన పని ఒకటి చెబుతాను, ఆన్‌కాల్ వారం రాగానే మీరూ చేయండి. వచ్చిన ప్రతి అలర్ట్‌కు ఒక లైను రాసుకోండి: ఎప్పుడు వచ్చింది, నేనేం చేశాను. అంతే. నేను మొదటిసారి రాసినప్పుడు వారంలో 63 అలర్టులు వచ్చాయి. నేను నిజంగా చేయాల్సిన పని ఉన్నవి ఐదు. మిగతా 58 సార్లు చేసిందల్లా లేవడం, చూడటం, "తగ్గిపోయింది" అనుకుని పడుకోవడం. అందులో 20కి పైగా ఒకే అలర్ట్: డిస్క్ 80 శాతం నిండిందని. రాత్రి రెండింటికి లాగ్ ఫైళ్ళు కంప్రెస్ అయ్యే ముందు ప్రతిరోజూ కొన్ని సర్వర్లలో డిస్క్ 80 దాటేది, పావుగంటలో దిగేది. అందరికీ తెలుసు. మూడేళ్ళు అందరం లేచాం. ఆ రూల్ మార్చడానికి నాకు పట్టింది ఐదు నిమిషాలు. "ఇంత శాతం నిండితే" అనే చోట "ఈ వేగంతో నిండితే నాలుగు గంటల్లో ఖాళీ ఉండదు అనుకుంటే" అని పెట్టాను.

గూగుల్ వాళ్ళు 2016లో ఈ పని మీద వేసిన పుస్తకంలో 12 గంటల షిఫ్టుకు రెండు ఘటనలకు మించకూడదని రాశారు. ఒక్కో ఘటనకు కారణం వెతకడం, సరిచేయడం, ఏం జరిగిందో పోస్ట్‌మార్టెమ్ రాయడం అన్నీ కలిపితే సగటున ఆరు గంటల పని అవుతుంది కాబట్టి రెండు. కరుణతో పెట్టిన అంకె కాదది, పని లెక్క. మీ మేనేజర్‌తో మాట్లాడేటప్పుడు ఈ లెక్క పనికొస్తుంది.

పనికిరాకుండా పోయారా అని అడిగారు. మీ కమిట్లు మీరే చూసుకుని, ఏ నెలలో ఏం మారిందో పట్టుకున్నారు. అది చేయగలిగిన మనిషి పనికిరాకుండా పోలేదు.

మార్జిన్ జవాబు:

ముందు డాక్టర్‌కు చూపించుకోండి. నేను ఏడాదిపాటు "నాది బర్నౌట్" అనుకుంటూ గడిపాను. చివరికి తేలింది డిప్రెషన్ అని, పైగా థైరాయిడ్ కూడా. రక్తం తక్కువున్నా, బి12 తగ్గినా, నిద్రలో ఊపిరి ఆగే సమస్య ఉన్నా ఇలాగే ఉంటుంది. చదివింది తలకెక్కకపోవడం వీటన్నిటిలోనూ ఉండేదే. ఇంటర్నెట్లో చదివి మనకు మనమే పేరు పెట్టుకుంటే అసలుది దొరకదు.

నాకు నా థెరపిస్ట్ చెప్పినవి, తర్వాత నేను చదివినవి కొన్ని రాస్తాను, ఎందుకంటే వీటి వల్లే నాకు మొదటిసారి కాస్త ఊపిరాడింది. బర్నౌట్ అనే మాటను ఈ అర్థంలో 1974లో ఫ్రాయిడెన్‌బర్గర్ అనే సైకాలజిస్ట్ తన వ్యాసంలో వాడాడు. న్యూయార్క్‌లో ఒక ఉచిత క్లినిక్‌లో తనతోపాటు పనిచేసేవాళ్ళను చూసి రాశాడు. మొదట ఆ పని మీద ప్రాణం పెట్టినవాళ్ళే అలా అయిపోయారని గమనించాడు. తర్వాత క్రిస్టీనా మాస్లాక్ దాన్ని కొలిచే ప్రశ్నావళి తయారుచేసింది, 1981లో అచ్చయింది. అందులో మూడు ముక్కలుంటాయి: సత్తువ అయిపోవడం, పని మీదా మనుషుల మీదా మనసు విరిగి దూరం జరగడం, నేనేమీ సాధించడం లేదనిపించడం. మీరు రాసిందాంట్లో మూడూ ఉన్నాయి. 40 లైన్లు చదవలేకపోవడం మొదటిది. "ఫిక్స్ 2" రెండోది. "పనికిరాకుండా పోయానా" అన్నది మూడోది. అంటే ఆ మూడో ప్రశ్న కూడా అలసటే అడిగిస్తోంది. దానికి మీరు జవాబు వెతుక్కోవాల్సిన పని లేదు.

ఇంకొకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను తన వర్గీకరణలో జబ్బుగా పెట్టలేదు, ఉద్యోగానికి సంబంధించిన స్థితిగా పెట్టింది. పనిచోట ఎడతెగని ఒత్తిడి ఉండి, దాన్ని సరిగా సంబాళించకపోతే వచ్చేది అని. నాకు ఇది చాలా పెద్ద మాట. నేను ధ్యానం, వ్యాయామం, నిద్ర చార్టు, డైరీ అన్నీ పెట్టుకున్నాను. ఒక్కటి తప్పినా నన్ను నేనే తిట్టుకునేదాన్ని. అవి చెడ్డవని కాదు, ఇప్పటికీ నడుస్తాను. కానీ పొగ వస్తుంటే కిటికీలు తెరుచుకుంటూ కూర్చున్నాను, పొయ్యి వైపు చూడలేదు.

తేడా తెలియడానికి నాకు చెప్పిన గుర్తు: ఆఫీసు లేని రోజు, ఇష్టమైన పనిలో సంతోషం తిరిగి వస్తోందా? మీకు సెలవులో మూడు రోజులు వచ్చింది, పాపతో ఆడుకున్నారు. నాకు రాలేదు. ఏదీ రుచించలేదు, ఎవరూ అక్కర్లేదనిపించింది. అయినా ఇది పక్కా పరీక్షేం కాదు, రెండూ కలిసి కూడా ఉండొచ్చు. డాక్టర్లు వాడే పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల కాగితం ఉంటుంది, గత రెండు వారాల గురించి అడుగుతుంది. అందులో చివరి ప్రశ్న చచ్చిపోతే బాగుండు అనిపిస్తోందా అని. దానికి మీ జవాబు "లేదు" కాకపోతే ఇక్కడ జవాబుల కోసం ఆగకండి, ఈ రోజే వెళ్ళండి, ఇంట్లో ఒకరికి చెప్పి వాళ్ళతో కలిసి వెళ్ళండి.

పాతకోడు జవాబు:

మేనేజర్‌కు ఏమని చెప్పాలి అన్నదానికి నేను రాస్తాను. తొమ్మిదేళ్ళుగా ఆ కుర్చీలో ఉన్నాను.

మా టీమ్‌లో ఒకతను అచ్చం మీలాగే అయ్యాడు. స్టాండప్‌లో (రోజూ జరిగే చిన్న మీటింగ్‌లో) అతను చెప్పేది నెలనెలా కురచనవుతూ వచ్చింది. చివర్లో "నిన్నటి పనే నడుస్తోంది" దాకా దిగింది. నేను దాన్ని చూసి, ఎవరి సాయం లేకుండా చేసుకుపోతున్నాడని సంతోషించాను. రాజీనామా ఇచ్చిన రోజు "ముందే ఎందుకు చెప్పలేదు?" అని అడిగితే, "రెండుసార్లు చెప్పానండీ" అన్నాడు. ఆలోచిస్తే నిజమే. "కాస్త అలసటగా ఉంటోంది" అన్నాడు. రెండుసార్లూ నేను "రెండ్రోజులు సెలవు పెట్టు" అన్నాను. అతను అడిగింది వేరు, నేనిచ్చింది వేరు. అతను ఇప్పుడు ఈ ఫీల్డులోనే లేడు. నా వల్లే అని అనను గానీ, నా వల్ల కూడా.

అందుకే చెబుతున్నాను, "అలసటగా ఉంది" అని వెళ్ళొద్దు. మేనేజర్ చెవికి అది సెలవు అడిగినట్టే వినిపిస్తుంది. ఒక పేజీ రాసుకుని వెళ్ళండి. రోటేషన్ ఫలానా నెలలో ఆరు నుంచి మూడుకు పడింది. వారానికి ఇన్ని అలర్టులు, రాత్రిపూట ఇన్ని. అలసటతో చేసిన రివ్యూ వల్ల ఫలానా రోజు డేటాబేస్ పడిపోయింది. ఈ చివరిది దాచకండి. మీకు అది సిగ్గుగా ఉంది, నాకు తెలుసు. కానీ మేనేజర్ పై వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళగలిగిన బలమైన మాట మీ దగ్గర అదొక్కటే ఉంది. ఆ తర్వాత ఏం ఆపాలో మీరే రాయండి. ఏం చేయాలో అందరూ రాస్తారు. ఏం ఆపాలో రాసిన కాగితం నాకు తొమ్మిదేళ్ళలో రెండో మూడో వచ్చాయి, వాటికి ఒప్పుకోకుండా ఉండలేకపోయాను.

నేనైతే మూడు అడుగుతాను. ఆన్‌కాల్ వారంలో ఫీచర్ పని ఉండదు, రివ్యూలు ఉండవు. రాత్రి లేచిన వాళ్ళు మర్నాడు ఆలస్యంగా మొదలుపెడతారు, దానికి ఎవర్నీ అడగక్కర్లేదు. ఒక మనిషి చేతిలో ఒకసారి రెండు పనులకు మించి తెరిచి ఉండవు. ఈ మూడోది చిన్నదిగా కనిపిస్తుంది గానీ చాలా చేస్తుంది. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో దీని మీద రాసింది: ఒక పని మధ్యలో వదిలి రెండోదానికి వెళ్తే మనసులో కొంత భాగం మొదటిదాని దగ్గరే ఉండిపోతుందని. మీరు ఆ 40 లైన్లు చదివేటప్పుడు ఇంకెన్ని తెరిచి ఉన్నాయో ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

డీబగ్ జవాబు:

నా మాట కొంచెం వేరు. అడగండి, తప్పకుండా అడగండి. కానీ క్యాలెండర్లో ఒక తేదీ పెట్టుకోండి. నేను రెండేళ్ళు "వచ్చే క్వార్టర్‌లో మనుషులొస్తారు" అన్న మాట నమ్మి కూర్చున్నాను. పూర్తిగా ఖాళీ అయ్యాక ఇంటర్వ్యూలకు వెళ్తే, మామూలు బైనరీ సెర్చ్ రాయలేకపోయాను. ఎదుటివాడు మంచివాడు, "తొందరేం లేదు, నిదానంగా చేయండి" అన్నాడు. కాల్ అయ్యాక ల్యాప్‌టాప్ మూసేసి ఏడ్చాను. కొంచెం సత్తువ ఉన్నప్పుడే వెళ్ళే నిర్ణయం తీసుకోవాలి, అది పూర్తిగా పోయాక తీసుకోలేం.

ప్యాచ్ జవాబు:

పాతకోడు గారు చెప్పిన "దాచకండి" అన్నదానికి నాదొక చేర్పు. సాయంత్రాలు ఒక చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీ (అందరూ ఉచితంగా వాడుకునే కోడ్) చూసుకుంటాను, జీతం లేదు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ సంగతి బయటపడ్డప్పుడు నాకు రెండు రోజులు వేరే పని చేతకాలేదు. లినక్స్‌లో ఎక్కడ చూసినా ఉండే కంప్రెషన్ టూల్ అది. దాన్ని ఏళ్ళ తరబడి చూసుకున్నది దాదాపు ఒక్కడే. మానసికంగా బాగోలేదని, ఇది జీతం లేని పని అని 2022లోనే మెయిలింగ్ లిస్టులో రాశాడు. అవతల "ఎందుకింత ఆలస్యం, ఇంకెవరికైనా ఇవ్వొచ్చుగా" అని ఒత్తిడి పెట్టారు. సాయం చేస్తానని వచ్చిన వ్యక్తికి క్రమంగా హక్కులు దక్కాయి. ఆ చేతి మీదుగానే 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారు. ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని సర్వర్‌లోకి వెళ్ళే దారి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రోయెండ్ అనే డెవలపర్ తవ్వి చూడబట్టి దొరికింది.

లాగ్‌ఫైల్ గారూ, మీరు అలసిపోయి అప్రూవ్ కొట్టారు. ఆయన అలసిపోయి తాళంచెవులు ఇచ్చాడు. అలసిన మనిషి ఒక్కడి మీద అంత బరువు వదిలేసిన వాళ్ళందరికీ అందులో వాటా ఉంది. మీ ఒక్కరి తప్పుగా మోయకండి.

లాగ్‌ఫైల్, మూడు వారాల తర్వాత:

అందరికీ పేరుపేరునా జవాబు రాయలేకపోయాను, క్షమించండి. ప్రతి ఒక్కటీ నాలుగైదుసార్లు చదివాను.

డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. థైరాయిడ్ బాగానే ఉంది, బి12 తక్కువుంది, మాత్రలు ఇచ్చారు. ఆ తొమ్మిది ప్రశ్నలూ అడిగారు, 8 వచ్చింది. స్వల్పంగా ఉందన్నారు, నెల తర్వాత మళ్ళీ రమ్మన్నారు. చివరి ప్రశ్నకు నా జవాబు "లేదు". మార్జిన్ గారికి ఇది ప్రత్యేకంగా చెప్పాలనిపించింది.

ఆన్‌కాల్ వారంలో లైన్లు రాశాను. 71 అలర్టులు, చేయాల్సిన పని ఉన్నవి 9. కాగితం తీసుకుని మేనేజర్ దగ్గరికి వెళ్ళాను. పూర్తిగా చదివారు. రోటేషన్‌లోకి ఒకర్ని వెంటనే ఇచ్చారు, ఇంకొకరు వచ్చే నెలలో అన్నారు. ఆన్‌కాల్ వారంలో రివ్యూలు వద్దన్నదానికి ఒప్పుకున్నారు. ఫీచర్ పని పూర్తిగా ఆపడానికి ఒప్పుకోలేదు, సగానికి వచ్చాం. డీబగ్ గారు చెప్పినట్టు తేదీ పెట్టుకున్నాను, ఇంట్లో కూడా చెప్పాను.

టీమ్ మీటింగ్‌లో ఆ రివ్యూ గురించి అందరి ముందూ చెప్పాను. చదివినట్టు నటించానని చెప్పాను, అదే మాట వాడాను. ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత ఆ అమ్మాయి వచ్చి ఒక సంగతి చెప్పింది. ఆ ఫంక్షన్ రాసే ముందు తను పాత కోడ్ వెతికిందట. 2021లో నేను రాసిన కమిట్ మెసేజ్ దొరికిందట. అందులో మళ్ళీ ప్రయత్నించడానికి హద్దు ఎందుకు ఉండాలో ఒక పేరా రాశాను. ఆ హద్దు ఇంకో ఫైల్లో అందరికీ కలిపి పెట్టి ఉందనుకుందట. అసలైతే ఉండేది, పోయిన ఏడాది నేనే తీసేశాను. ఎందుకు తీశానో ఆ కమిట్‌లో లేదు. "ఫిక్స్" అని ఉంది, అంతే.

ఇద్దరం కూర్చుని ఆ హద్దును మళ్ళీ పెట్టాం. మెసేజ్ తనని రాయమన్నాను, పక్కన కూర్చుని చదివాను. నాలుగు లైన్లు, మొదటిసారి చదవగానే అర్థమైంది.

ఫోన్ మోగినట్టు వినిపించడం ఇంకా ఉంది. సెమీకోలన్ గారూ, డిస్క్ నిండే వేగం మీద మీరు పెట్టిన రూల్‌కు ఎంతసేపటి డేటా తీసుకున్నారు? మా దగ్గర గంట డేటా తీసుకుంటే మరీ ఎగుడుదిగుడుగా వస్తోంది. వచ్చే వారం ఆన్‌కాల్ నాదే, ఈలోగా ఆ అలర్ట్ మార్చేయాలనుకుంటున్నాను.